పరేడ్ గ్రౌండ్ ఆదివారాలు

ఆదివారం పొద్దున ఏడింటికల్లా రిక్షా మీద మ్యాట్ వచ్చేది. చుట్టచుట్టిన కొబ్బరి పీచు మ్యాట్‌ని సీటు మీద అడ్డంగా పడేసి తాళ్లతో బిగించేవాళ్లు. దాని రెండు కొసలూ ఎంత బయటికి పొడుచుకొచ్చేవంటే, ఎదురొచ్చే సైకిళ్లు రోడ్డు దిగి తప్పుకోవాల్సిందే. ఒక చేత్తో ఆ చుట్టని పట్టుకుని, ఇంకో చేత్తో మేకుల సంచీ మోస్తూ రిక్షా వెనకాలే గ్రౌండ్స్‌మన్ చాచా నడిచి వచ్చేవాడు. సికింద్రాబాద్‌లో నేను పెరిగిన క్రికెట్ లీగ్‌కి ఆ రిక్షా వస్తేనే పొద్దు పొడిచినట్టు. టాస్ ఆ తర్వాతి సంగతి.

మ్యాట్ పరవడం చూడనివాళ్లకి అదేదో చాప పరిచినంత పని అనిపిస్తుంది. ముందు గట్టిమట్టి పిచ్ మీద రాళ్లూ రప్పలూ ఏరి, చీపురుతో ఊడ్చి, నీళ్లు చల్లి, రోలర్ లాగాలి. తడి కాస్త లోపలికి ఇంకాక మ్యాట్ దొర్లించాలి. ఇరవై రెండు గజాల పొడవు. ఒక కొసకి మేకులు దిగగొట్టి, రెండో కొసని ఆరుగురం పట్టుకుని, మడమలు నేలకి తన్నిపెట్టి వెనక్కి లాగేవాళ్లం. "ఔర్ ఖీంచో, ఔర్ ఖీంచో" అని చాచా కేకేస్తుండేవాడు. మేం అరిచేతులు మండిపోతున్నాయనుకునేసరికి ఆయన మోకాళ్ల మీద కూర్చుని, టపటపా నాలుగు దెబ్బల్లో మేకు దించేసేవాడు. ఆ తర్వాత పక్కల మేకులు. అన్నీ అయ్యాక చెప్పులు విప్పి, వట్టి పాదాలతో ఆ కొస నుంచి ఈ కొసకి నడిచేవాడు. పాదం కింద ఎక్కడైనా మ్యాట్ కదిలిందనిపిస్తే అక్కడే ఆగి, కిందకి చూడకుండా సుత్తి కోసం చెయ్యి చాపేవాడు.

"మ్యాట్ ఢీలా ఉంటే బాల్ ఝూట్ చెప్తది బేటా" అనేవాడు నాతో.

అప్పుడు నాకు పన్నెండేళ్లు. అది 1973. మా నాన్న రైల్వేలో గుమాస్తా. 1966లో సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడ్డాక బెజవాడ నుంచి బదిలీ అయి చిలకలగూడ క్వార్టర్స్‌కి వచ్చాం. నాన్నది బందరు వైపు ఊరు. ఆయనకి క్రికెట్ అంటే సి.కె. నాయుడే. 1953లో ఆంధ్ర జట్టు మొదటిసారి రంజీ ఆడినప్పుడు, యాభై ఎనిమిదేళ్ల వయసులో నాయుడుగారు కెప్టెన్‌గా దిగారని మాకు అన్నాల దగ్గర ఎన్నిసార్లు చెప్పాడో. ఆయనే ఓ ఆదివారం నన్ను సైకిల్ మీద ముందు కూర్చోబెట్టుకుని పరేడ్ గ్రౌండ్‌కి తీసుకెళ్లాడు.

ఆ పొద్దున నేను చూసింది ఒక మ్యాచ్ కాదు. కనుచూపు మేర మ్యాచ్‌లే. ఒక మ్యాట్ పక్కన ఇంకో మ్యాట్, దాని వెనక మరొకటి. ఒక ఆటలో డీప్ మిడ్‌వికెట్‌లో ఉన్నవాడి వీపు వెనకే ఇంకో ఆటలో థర్డ్‌మ్యాన్ నిలబడి ఉండేవాడు. ఇద్దరూ ఓవర్ల మధ్యలో కబుర్లాడుకునేవాళ్లు. మూడు ఆటల బంతులు ఒకదాని సరిహద్దులోంచి ఇంకోదాని మధ్యకి దొర్లుకుంటూ పోయేవి. "బాల్ ప్లీజ్!" అని ఎవరైనా అరిస్తే నలుగురు వంగేవాళ్లు. తెల్లబట్టల్లో ఇంతమంది ఎవరి ఆట వాళ్లు ఆడుకుంటూ, ఒకరికొకరు అడ్డురాకుండా ఎలా మెలుగుతున్నారో ఆ వయసులో నాకు అంతుపట్టలేదు. ఆ రోజు ఓ జట్టుకి స్కోరర్ రాలేదు. చెట్టుకింద కూర్చున్న మా నాన్నని అడిగారు. నాన్న నన్ను చూపించాడు. "వీడి రాత బావుంటుంది, రాయించుకోండి."

అలా స్కోరుబుక్కు చేతికొచ్చింది. అడ్డంగా పొడుగ్గా, గట్టి అట్టతో ఉండే పుస్తకం. ఎడమ పేజీలో బ్యాటింగ్, కుడి పేజీలో బౌలింగ్. పరుగు లేని బంతికి చుక్క. ఓవరంతా ఆరు చుక్కలే అయితే వాటిని కలిపి ఎం అక్షరం గీయాలి. మెయిడెన్. ఆ ఎం గీస్తున్నప్పుడు కలిగే తృప్తి తర్వాత ఏ లెడ్జర్ రాసినా నాకు దొరకలేదు. రెండు జట్ల స్కోరర్లం ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చుని, ప్రతి ఓవర్ చివరా లెక్క సరిచూసుకునేవాళ్లం. మన జట్టుకి ఒక పరుగు ఎక్కువ వేసుకుందామన్న ఆలోచన ఎవరికీ వచ్చేది కాదు. పక్కవాడి పుస్తకంలోనూ అదే అంకె ఉండాలి కదా.

సాయంత్రం ఆట అయ్యాక ఇంకో పని ఉండేది. స్కోర్లు కాగితం మీద ఎత్తి రాసి, సరోజినీదేవి రోడ్డు మీద దక్కన్ క్రానికల్ ఆఫీసుకి తీసుకెళ్లాలి. గ్రౌండ్ నుంచి నడిచి వెళ్లేంత దూరమే. స్పోర్ట్స్ డెస్క్‌లో ఒకాయన కళ్లద్దాలు నుదుటి మీదకి నెట్టుకుని, కాగితం పైనుంచి కిందకి చూసి, టకటకా గీతలు పెట్టేవాడు. చోటు తక్కువ. బాగా ఆడిన ఒకరిద్దరి పేర్లు, మూడు నాలుగు వికెట్లు తీసినవాళ్ల పేర్లు మాత్రమే మిగిలేవి. మర్నాడు పొద్దున ఆ చిన్న అక్షరాల్లో తన పేరు చూసుకోవడానికి ఒక మనిషి ఎన్ని వారాలు ఎదురుచూసేవాడో నాకు తెలుసు. ఒకాయన ఆ ముక్కలు కత్తిరించి, భార్య పెట్టెలో పట్టుచీరల కింద దాచుకున్నాడు. ఆయన చనిపోయాక వాళ్లబ్బాయి నాకు చూపించాడు. పదకొండేళ్లలో మొత్తం పద్నాలుగు ముక్కలు.

సీజన్ మొదట్లో అందరి చూపూ ఫతే మైదాన్ మీదే. మొయినుద్దౌలా గోల్డ్ కప్ అక్కడ. నవాబు మొయినుద్దౌలా 1930లో పెట్టిన టోర్నమెంట్ అది. 1973-74 సీజన్ దాకా ఫస్ట్‌క్లాస్ హోదా ఉండేది. దేశంలో పేరున్న ఆటగాళ్లంతా రంజీకి ముందు ఒళ్లు సవరించుకోవడానికి ఇక్కడికే వచ్చేవాళ్లు. స్టేట్ బ్యాంక్, ఏసీసీ లాంటి సంస్థల జట్లు, హైదరాబాద్ బ్లూస్, మా ఊరి వజీర్ సుల్తాన్ కోల్ట్స్. 1967లోనే ఆ మైదానానికి లాల్ బహదూర్ స్టేడియం అని పేరు మార్చారు గానీ మా నోటికి చివరిదాకా ఫతే మైదానే. 1955లో హైదరాబాద్‌లో జరిగిన మొదటి టెస్టులో పాలీ ఉమ్రిగర్ న్యూజిలాండ్ మీద 223 కొట్టింది అక్కడే. టెస్టుల్లో మనవాడు కొట్టిన మొదటి డబుల్ సెంచరీ. వారమంతా అక్కడ ఆ పెద్దవాళ్లని చూసి, ఆదివారం మా మ్యాట్ మీద వాళ్లలాగే స్టాన్స్ తీసుకునేవాళ్లం.

ముఖ్యంగా జయసింహ. 1960లో కలకత్తా టెస్టులో ఐదు రోజులూ బ్యాటింగ్ చేసిన మనిషి. 1968లో ఆస్ట్రేలియాకి మధ్యలో పిలిస్తే వెళ్లి, బ్రిస్బేన్‌లో 74, 101 కొట్టిన మనిషి. మా వీధి కుర్రాళ్లంతా ఆయన్ని చూసే చొక్కా కాలర్ పైకెత్తుకుని తిరిగేవాళ్లు. పటౌడీ అంతటివాడు భారత జట్టుకి నాయకుడై ఉండి, హైదరాబాద్‌కి ఆడేటప్పుడు జయసింహ కెప్టెన్సీలో ఆడాడు. ఆ సంగతి చెప్పుకోవడంలో మా ఊరివాళ్లకి ఓ ప్రత్యేకమైన గర్వం.

ఇక మ్యాట్ ఆట తీరు. కొబ్బరి పీచు మీద కొత్త బంతి ఎరుపు నాలుగైదు ఓవర్లకే గీరుకుపోతుంది. బంతి ఎత్తుగా లేస్తుంది, కానీ నమ్మకంగా లేస్తుంది. స్పిన్నర్ వేలు గట్టిగా తిప్పితే మ్యాట్ దాన్ని పట్టుకుని మలుపు తిప్పుతుంది. అందుకే మా ఊళ్లో ఆఫ్‌స్పిన్ ఒక వంశపారంపర్యంలా నడిచిందని నా నమ్మకం. ముందు గులాం అహ్మద్. 1950-51లో హోల్కర్ మీద ఒకే ఇన్నింగ్స్‌లో 92.3 ఓవర్లు, అంటే 555 బంతులు వేశాడాయన. తర్వాత నోషిర్ మెహతా, శివలాల్ యాదవ్, అర్షద్ అయూబ్, కన్వల్‌జీత్ సింగ్. మద్రాసు నుంచి బ్యాంకు ఉద్యోగంతో వచ్చిన వి. రామ్‌నారాయణ్ కూడా ఈ ఊరి ఆఫ్‌స్పిన్నరే అయి, 1975-76 నుంచి హైదరాబాద్‌కి రంజీ ఆడాడు. బ్యాట్స్‌మన్ల విషయానికొస్తే, నమ్మకంగా లేచే బంతిని ఆఫ్‌స్టంప్ బయట నుంచి లెగ్‌సైడ్‌కి మణికట్టుతో తిప్పే ధైర్యం మ్యాటే ఇచ్చిందని పెద్దలు అనేవాళ్లు. అజహరుద్దీన్ 1984-85లో మొదటి మూడు టెస్టుల్లో మూడు సెంచరీలు కొట్టినప్పుడు దేశమంతా ఆ మణికట్టుని చూసి నోరెళ్లబెట్టింది. మాకు మాత్రం అది మా వీధిలో తెలిసిన ముచ్చటే అనిపించింది. అంతటి కళ మాకెవరికీ లేదు. కానీ ఆ భాష మాకు తెలుసు.

నేను 1981లో బ్యాంకులో గుమాస్తాగా చేరాను. క్రికెటర్‌గానే తీసుకున్నారు. ఇప్పటి పిల్లలకి ఇది వివరంగా చెప్పాలి. ఆ రోజుల్లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియా, స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్, ఆంధ్రా బ్యాంక్, సిండికేట్ బ్యాంక్, రైల్వేలు, ప్రభుత్వ రంగ ఫ్యాక్టరీలు... ఇలా ఎన్నో సంస్థలకి సొంత జట్లుండేవి. లీగ్‌లో కాస్త పేరు తెచ్చుకున్న కుర్రాడికి ఉద్యోగం దొరికేది. మధ్యాహ్నం భోజనాల దాకా కౌంటర్‌లో పని, ఆ తర్వాత నెట్స్. మ్యాచ్ రోజుల్లో స్పెషల్ లీవు. ఆట మానేశాక కూడా ఉద్యోగం ఉంటుంది, పెన్షన్ వస్తుంది. మా వాడలో ఆటగాడికి పిల్లనిచ్చే మామగారు ముందు "ఏ బ్యాంకు?" అని అడిగేవాడు. తర్వాతే "బ్యాటింగా, బౌలింగా?" అనేవాడు.

అప్పుడు మా జట్టు బీ డివిజన్‌లో ఉండేది. మా కెప్టెన్ ఒక బ్రాంచి మేనేజర్. నలభై దాటిన మనిషి, నిదానంగా ఆడే ఎడమచేతి బ్యాట్స్‌మన్. మా ఫాస్ట్‌బౌలర్ అదే బ్రాంచిలో అటెండర్. నల్లగొండ జిల్లా నుంచి వచ్చిన కుర్రాడు, నాకంటే రెండేళ్లు చిన్న. వారమంతా ఆ మేనేజర్ గారి గదికి ఫైళ్లు మోసేవాడు, బెల్లు మోగితే పరిగెత్తేవాడు. ఆదివారం కొత్త బంతి వాడి చేతిలో ఉండేది. మేనేజర్ గారు స్లిప్‌లో వంగి, వాడి కోసం ఎదురుచూసేవారు.

ఒక సీజన్ చివర మా జట్టు డివిజన్ ఫైనల్‌కి చేరింది. గెలిస్తే ఏ డివిజన్. ఎదుటి జట్టు ఏ బ్యాంకుదీ కాదు. బస్తీ కుర్రాళ్ల క్లబ్. తలా కొంత చందా వేసుకుని బంతులు కొనుక్కునేవాళ్లు. జట్టు మొత్తానికి మంచి బ్యాట్లు మూడో నాలుగో ఉండేవి. అవుటైన బ్యాట్స్‌మన్ తన ప్యాడ్లు విప్పి వచ్చేవాడికి తొడిగించేవాడు. గ్లవ్స్‌లో చెమట తడి ఆరక ముందే ఇంకో చెయ్యి వాటిలోకి దూరేది. వాళ్లని చూస్తే మా జట్టులో చాలామందికి లోపల ఓ మూల వాళ్లే గెలవాలనిపించింది. పైకి అనలేదు.

రెండు రోజుల ఆట. ముందురోజు రాత్రి వాన పడింది. పొద్దున చాచా మట్టి మీద రంపపు పొట్టు చల్లించి, ఆరబెట్టి, గంటన్నర ఆలస్యంగా మ్యాట్ వేయించాడు. ఆ రోజు కొసన మేకులు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. వాళ్లు మొదట ఆడి 214 చేశారు. మా అటెండర్ కుర్రాడికి ఐదు వికెట్లు. రెండో రోజు మేం. నేను ఓపెనర్‌ని. 31 కొట్టి, లేని పరుగుకి పోయి రనౌటయ్యాను. ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు. టీ విరామానికి తొమ్మిది వికెట్లు పడి 190 మీద ఉన్నాం. మిగిలింది మేనేజర్ గారు, చివరగా దిగిన అటెండర్ కుర్రాడు. గెలవాలంటే ఇరవై అయిదు.

టీ అప్పుడు చాచా అంపైర్ల దగ్గరికెళ్లి, పెవిలియన్ వైపు కొస వదులైంది, ఒకసారి బిగించనివ్వండి అన్నాడు. మబ్బు పట్టి ఉంది. వెలుతురు పోతుందన్న తొందరలో వద్దన్నారు. అప్పుడు ఆయన మాట ఎవరం పట్టించుకోలేదు. అరవై ఏళ్ల మనిషి, ముప్ఫై ఏళ్లుగా పాదాలతో మ్యాట్ చదువుతున్నవాడు. సుత్తి పక్కన పెట్టుకుని బౌండరీ దగ్గర గొంతుకు కూర్చున్నాడు.

చివరి జోడీ ఆట మొదలైంది. ఇక్కడ నేను విన్న ఒక మాట చెప్పాలి. మేనేజర్ గారు మిడాన్ వైపు కొట్టి, పరుగు కోసం రెండడుగులు ముందుకేశారు. అవతలి కొస నుంచి కుర్రాడు చెయ్యెత్తి గట్టిగా అరిచాడు.

"ఆగు!"

గ్రౌండ్ అంతా వినపడింది. వారంలో ఆరు రోజులు "సార్, ఆగండి సార్" అనే నోరు. మేనేజర్ గారు ఠక్కున ఆగి, వెనక్కి తిరిగి, బ్యాట్ చాచి క్రీజులో పడ్డారు. బతికిపోయారు. తర్వాతి బంతికి ఆయన అరిచారు, "రా! రా! రా!" అలా ఒక్కో పరుగు. "రా", "ఆగు", "ఇంకోటి ఉంది, రా". మర్యాదలకి టైము లేదు. ఇద్దరి మధ్యా ఇరవై రెండు గజాల మ్యాట్ తప్ప ఇంకేం లేదు. స్కోరర్ల బల్ల పక్కన నిలబడ్డ మేం ఒక్కో పరుగూ పైకి లెక్కబెడుతున్నాం. బస్తీ జట్టు కుర్రాళ్ల అమ్మలు కాబోలు, కొంగులు తల మీదుగా లాక్కుని గోడవారగా నిలబడి చూస్తున్నారు.

211 మీద ఉన్నాం. గెలుపుకి ఇంకా నాలుగు. వాళ్ల ఆఫ్‌స్పిన్నర్ పెవిలియన్ వైపు కొసన బంతి వేశాడు. మేనేజర్ గారు వెనక్కి వెళ్లి, లేస్తుందనుకుని బ్యాట్ ఎత్తి పట్టారు. బంతి లేవలేదు. వదులైన మ్యాట్ మీద పడి, నేలబారుగా జారి, ప్యాడ్‌కి కాదు, నేరుగా స్టంప్ మొదలుకి తగిలింది.

మూడు పరుగులతో ఓడిపోయాం. బస్తీ కుర్రాళ్లు గాల్లోకి ఎగిరారు. వాళ్లలో ఇద్దరు పరిగెత్తుకొచ్చి ముందు చాచాని కావలించుకోవడం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. మా కుర్రాడు అవతలి కొసన అలాగే మోకాళ్ల మీద కూర్చుండిపోయాడు. మేనేజర్ గారు వెళ్లి వాడి భుజం మీద చెయ్యేసి లేపారు. సాయంత్రం రెండు జట్లూ కలిసి గార్డెన్ కేఫ్‌లో పౌనా చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. డబ్బులు మేనేజర్ గారివి. ఆ మేకుల్లో నేను కొట్టినవి కొన్ని ఉన్నాయని చాచాతో చెప్పాను. ఆయన నా తల నిమిరి, "వాన తడి బేటా, మేకుది కాదు గల్తీ" అన్నాడు.

మర్నాడు సోమవారం. బ్యాంకు కిటకిటలాడుతోంది. కుర్రాడు మేనేజర్ గారి బల్ల మీద మంచినీళ్ల గ్లాసు పెట్టి, వెళ్లకుండా నిలబడ్డాడు. "సార్, ఆ బాల్ మీరు ముందుకొచ్చి ఆడాల్సింది సార్." అద్దం గదిలోంచి మాకందరికీ కనిపిస్తోంది. మేనేజర్ గారు ఒక్క క్షణం వాడి వంక చూశారు. కుర్చీలోంచి లేచి, బల్ల మీది చెక్క రూళ్లకర్ర తీసుకుని, ఎడమచేతి స్టాన్స్ తీసుకుని, కుడికాలు ముందుకు చాపారు. "ఇలాగా?" కుర్రాడు వంగి ఆయన బూటుని చేత్తో కాస్త లోపలికి జరిపాడు. లోను కాగితాలు పట్టుకుని ఎదురుగా కూర్చున్న రైతు ఒకాయన ఏమీ అర్థంకాక నోరు తెరుచుకుని చూస్తుండిపోయాడు.

రెండేళ్ల తర్వాత మేం ఏ డివిజన్‌లోకి వెళ్లాం. అక్కడ టెస్టులు ఆడి వచ్చిన స్పిన్నర్ ఒకాయన నాకు పన్నెండు ఓవర్లు వేశాడు. టెస్టు నుంచి తిరిగొచ్చాక లీగ్ మ్యాచ్ ఆడటం ఆయనకి తక్కువ పని కాదు, ఆయన సంస్థ జట్టు అది. నేను ఏడు పరుగులు చేశాను. ఆట అయ్యాక ఆయనే నా దగ్గరికొచ్చి, ఎడమ పాదం బంతి పిచ్ దగ్గరికి పోవడం లేదని చూపించి వెళ్లాడు. అంతే. కానీ ఆ పన్నెండు ఓవర్లు నాకు ఒక విశ్వవిద్యాలయం. గుమాస్తాకి టెస్టు బౌలర్ ఎదురుగా నిలబడే హక్కు ఉండేది, అదీ టికెట్ కొనుక్కుని కాదు, లీగ్ పట్టికలో తన జట్టు పేరు ఉండబట్టి. నేను పోయిందని బాధపడేది దీని గురించే.

1986-87లో హైదరాబాద్ రంజీ ట్రోఫీ గెలిచింది. ఢిల్లీలో, ఢిల్లీ మీద, మొదటి ఇన్నింగ్స్ ఆధిక్యంతో. అంతకుముందు గెలిచింది 1937-38లో, ఈడీ ఐబరా సెంచరీతో, నవానగర్ మీద ఒకే ఒక వికెట్ తేడాతో. నలభై తొమ్మిదేళ్లు ఆగాం. కెప్టెన్ ఎం.వి. నరసింహారావు, మా అందరికీ బాబ్జీ. ఆయనే తర్వాత ఉత్తర ఐర్లండ్‌లోని స్ట్రాబేన్ అనే చిన్న ఊళ్లో క్లబ్ క్రికెట్‌కి, అక్కడి పిల్లలకి జీవితం ధారపోశాడు. 2011లో బ్రిటన్ ఆయనకి ఎంబీఈ ఇచ్చింది. మన లీగ్ నుంచి వెళ్లిన మనిషి ఇంకో దేశపు లీగ్‌ని నిలబెట్టాడంటే నాకు ఆశ్చర్యం లేదు. రంజీ గెలిచిన ఆ సీజన్లోనే అబ్దుల్ అజీం తమిళనాడు మీద 303 నాటౌట్. వాళ్లంతా మాతో, మా మీద లీగ్ ఆడినవాళ్లు. ఆ కప్పులో మా వాటా కూడా ఉందని ఊళ్లో ప్రతి స్కోరరూ అనుకున్నాడు.

ఆ జీవితం ఒక్కరోజులో పోలేదు. టర్ఫ్ వికెట్లు వచ్చాయి. అది రావలసిన మార్పే. దేశమంతా టర్ఫ్ మీద ఆడుతుంటే మన పిల్లల్ని మ్యాట్ మీద ఉంచడం తప్పు. 1994లో సికింద్రాబాద్ జింఖానా గ్రౌండ్‌లో హైదరాబాద్ జట్టు ఆంధ్ర మీద ఆరు వికెట్లకి 944 కొట్టి డిక్లేర్ చేసింది. ఎం.వి. శ్రీధర్ 366. అలాంటి స్కోర్లు చూశాక మ్యాట్ కోసం ఏడ్చేవాళ్లు ఎవరుంటారు? నా దుఃఖం మ్యాట్ గురించి కాదు. బ్యాంకులు క్రమంగా ఆటగాళ్లని తీసుకోవడం తగ్గించాయి. ఫ్యాక్టరీలు కొన్ని మూతపడ్డాయి. ఉద్యోగం ఇవ్వని ఆటని తల్లిదండ్రులు అనుమానంగా చూడటం మొదలుపెట్టారు. అంతర్జాతీయ మ్యాచ్‌లు ఫతే మైదాన్ వదిలి 2005లో ఉప్పల్ వెళ్లాయి. 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ స్టేట్ బ్యాంక్‌లో కలిసిపోయింది. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంక్ యూనియన్ బ్యాంక్‌లో, సిండికేట్ బ్యాంక్ కెనరా బ్యాంక్‌లో కలిశాయి. లీగ్ పట్టికలో మేం భయంతోనూ ప్రేమతోనూ చదివిన పేర్లు అలా బోర్డుల మీద నుంచి కూడా పోయాయి.

ఇప్పుడూ ఈ ఊళ్లో క్రికెట్ ఉంది. అకాడమీలున్నాయి, ఖరీదైన కిట్లున్నాయి, పిల్లలకి మాకంటే వెయ్యి రెట్లు మంచి శిక్షణ ఉంది. సిరాజ్ లాంటి ఆటోడ్రైవర్ గారి అబ్బాయి టెస్టుల్లో కొత్త బంతి పట్టుకుంటే నా కళ్లు చెమర్చుతాయి. కానీ పైకి వెళ్లలేకపోయిన పిల్లవాడు ఇప్పుడు ఏమవుతున్నాడు? మా రోజుల్లో రంజీకి వెళ్లలేనివాడికి కూడా ఒక జట్టు, ఒక జీతం, నలభై ఏళ్ల దాకా ఒక ఆదివారం ఉండేవి. ఇరవై రెండేళ్లకే ఆట అయిపోయినవాడిగా మిగిలే ఈ పద్ధతి నాకు నచ్చదు. సంస్థలు మళ్లీ ఆటగాళ్లకి ఉద్యోగాలివ్వాలి. టెస్టు ఆడినవాడు ఏడాదికి ఒక్కసారైనా ఊరి లీగ్‌లో బంతి పట్టుకోవాలి.

మా మేనేజర్ గారు లేరు. చాచా ఎప్పుడో వెళ్లిపోయాడు. ఫాస్ట్‌బౌలర్ కుర్రాడు పరీక్షలు రాసి, గుమాస్తా అయి, ఆఫీసర్‌గా రిటైరయ్యాడు. ఇప్పటికీ ఫోన్‌లో ఆ చివరి బంతి గురించి మాట్లాడుకుంటాం.

మీతో ఒక్కమాట. నా అల్మరాలో తొమ్మిది స్కోరుబుక్కులున్నాయి. ఇంకా ఎన్నో ఈ ఊళ్లో అటకల మీద, ట్రంకు పెట్టెల్లో ఉండుంటాయి. మీ నాన్నగారో, మేనమామో లీగ్ ఆడి ఉంటే, పాత పేపర్లవాడికి వేసే కట్టలో ఒకసారి వెతకండి. అడ్డంగా పొడుగ్గా, చుక్కలతో నిండిన పుస్తకం కనబడితే తూకానికి అమ్మకండి. ఆ పేజీల్లో ఇంటిపేర్లు మాత్రమే ఉంటాయి. బతికున్న పెద్దలని అడిగి, పక్కన పెన్సిలుతో పూర్తి పేర్లు, వాళ్లు చేసిన ఉద్యోగాలు రాసిపెట్టండి. అడగాల్సిన మనుషులు ఇంకా కొందరు ఉన్నారు. ఈ ఆదివారమే వెళ్లండి.